షుగర్ ఉన్న మా నాయనకు టీబీ కూడా తేలింది. రెండు మందులూ కలిపి వాడేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొర్లగుంట అబ్బాయి (తిరుపతి):

నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి.

మా నాయనకు యాభై ఎనిమిదేళ్ళు. గాంధీ రోడ్డు పక్క సందులో టైలరింగ్ షాపు. షుగర్ వచ్చి పదేళ్ళు దాటింది. పొద్దున గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రికి ఒట్టి మెట్‌ఫార్మిన్. బీపీకి ఆమ్లోడిపిన్. తాగే అలవాటు లేదు, బీడీలు మాత్రం ఉన్నాయి.

సంక్రాంతికి ముందు నుంచి దగ్గు. మనిషి చిక్కిపోతా వచ్చాడు. తన ప్యాంట్లు తనే నడుము దగ్గర విప్పి లోపలికి పట్టి కుట్టుకునేవాడు. షుగర్ చూసే డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, షుగర్ కంట్రోల్లో లేదు కాబట్టి బరువు తగ్గుతోందని చెప్పి మాత్ర డోసు పెంచాడు. దగ్గుకు ఇంకో క్లినిక్‌లో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, రాత్రిళ్ళు బనియను తడిసిపోయేది. మా మేనత్త పట్టుబట్టి గవర్నమెంటాసుపత్రికి పంపించింది. అక్కడ ఎక్స్‌రే తీసి, గళ్ళ (కఫం) పరీక్ష ట్రూనాట్ అనే యంత్రంలో చేసి టీబీ అని తేల్చారు. మామూలు మందులకు లొంగే రకమే అన్నారు. పొద్దున్నే మూడు మాత్రలు కలిపి వేసుకోమని ఇచ్చారు. ఇప్పుడు బరువు 46 కిలోలు. హిమోగ్లోబిన్ 9.8.

ఇప్పటికి మూడు వారాలు. జ్వరం పోయింది, దగ్గు సగం తగ్గింది. కానీ షుగర్ మాత్రం ఆకాశానికి పోయింది. పరగడుపున 240, తిన్నాక 350 పైన. షుగర్ డాక్టరును అడిగితే, అది టీబీ మందుల వ్యవహారం, వాళ్ళనే అడుగు అంటాడు. టీబీ మాత్రలిచ్చే చోట అడిగితే, షుగర్ మీ డాక్టరుకు చూపించుకోండి అంటారు. నేను మధ్యలో ఫైలు పట్టుకుని తిరుగుతా ఉన్నా.

ఇంకో గోల తిండిది. షుగర్ ఉందని మా అమ్మ అన్నం మానిపించి రెండు పుల్కాలు, ఇంత ఉప్మా పెడతా ఉంది. టీబీ వాళ్ళేమో బాగా తినాలి అంటారు. రెండూ ఎట్లా కుదురుతాయి? రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతున్నాయని దుప్పటి బయటికి కాళ్ళు పెట్టుకుని పడుకుంటాడు. అది షుగర్ వల్లా, ఈ మాత్రల వల్లా?

హెచ్ఐవీ పరీక్ష చేస్తామన్నందుకు మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. అది అందరికీ చేస్తారా? మా అక్క కూతురికి నాలుగేళ్ళు, మా ఇంట్లోనే ఉంటుంది. ఆ పాప సంగతి కూడా చెప్పండి.

మిట్టూరు అక్క (చిత్తూరు):

తమ్ముడూ, నాకు కూడా ఈ రెండూ ఒకేసారి వచ్చాయి. నాకైతే షుగర్ ఉన్నట్టే తెలియదు. టీబీ తేలినప్పుడు రూలు ప్రకారం షుగర్ చూస్తే 310. స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, గొంతు పోయి దగ్గు వస్తే సుద్ద ముక్కల దుమ్ము అనుకునేవాళ్ళందరూ. మొదటి రెండు నెలలు నాకు ఇన్సులిన్ పెట్టారు. సూది అంటే జీవితాంతం అని మా అత్తగారు ఏడ్చింది. కోర్సు సగానికి వచ్చేసరికి ఇన్సులిన్ మానిపించి మాత్రల మీదికి తెచ్చారు, ఇప్పుడు ఒక్క మెట్‌ఫార్మిన్ మీదున్నా. కాబట్టి ఇన్సులిన్ అంటే మీ నాయన భయపడితే నా సంగతి చెప్పు. ఒళ్ళు నొప్పులు, వాంతులు మొదటి నెలే ఎక్కువ, తర్వాత అలవాటు పడుతుంది.

ఆరోగ్యమే భాగ్యం (పలమనేరు):

టీబీ మాత్రలు మహా వేడి. షుగర్ ఉన్న ఒంటికి అస్సలు పడవు. ఒక నెల ఆ మాత్రలు ఆపేసి, కాకరకాయ రసం, మెంతులతో షుగర్ దారికి తెచ్చుకుని, తర్వాత మళ్ళీ మొదలుపెట్టమనండి. మా బంధువుల్లో ఒకరు అట్లే చేశారు.

రిటైర్డ్ సూపర్‌వైజర్ (చిత్తూరు):

అబ్బాయ్, ముందు పై సలహా గురించి. దయచేసి ఆ పని చేయొద్దు. ఒక నెల ఆపితే ఊపిరితిత్తిలో మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి. ఆపి మొదలుపెట్టి ఆపి మొదలుపెట్టేవాళ్ళలోనే మందులకు లొంగని టీబీ తయారవుతుంది. అప్పుడు మందులూ వేరు, బాధలూ వేరు. పలమనేరు వారు మంచి మనసుతోనే రాసి ఉంటారు, కానీ ఈ విషయంలో రాజీ లేదు. షుగర్ 350 ఉన్నా, 450 ఉన్నా టీబీ మాత్ర ఆగకూడదు. మారాల్సింది షుగర్ మందు.

నేను పాత చిత్తూరు జిల్లాలో టీబీ విభాగంలోనే ఉద్యోగమంతా చేశాను. డాక్టరును కాదు. కాబట్టి ఏ మాత్ర ఎంత అనేది నేను చెప్పను, ఏం అడగాలో మాత్రం చెప్తాను.

మీ నాయనకు షుగర్ ఎందుకు పెరిగిందంటే, రెండు కారణాలు కలిశాయి. ఒకటి, టీబీయే షుగర్‌ను పెంచుతుంది. ఒంట్లో పెద్ద ఇన్ఫెక్షన్ ఉంటే ఇన్సులిన్ పనిచేయడం తగ్గుతుంది. రెండోది మందుల మధ్య గొడవ. ఆ మూడు మాత్రల్లో ఒక్కోదాంట్లో నాలుగు మందులూ ఉన్నాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. మూత్రం నారింజ రంగులో వస్తోంది కదా, అది రిఫాంపిసిన్. ఆ మందు కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది. దాంతో గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు ఒంట్లో నిలవకుండా తొందరగా విరిగిపోతాయి. వేసుకున్నది ఒక మాత్ర, పనిచేసేది అందులో కొంత. మెట్‌ఫార్మిన్‌కు ఈ ఇబ్బంది పెద్దగా లేదు. ఇన్సులిన్‌కూ లేదు. మిట్టూరు అమ్మాయికి మొదటి నెలల్లో ఇన్సులిన్ పెట్టింది అందుకే అయి ఉంటుంది.

బీపీ మాత్ర సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఆమ్లోడిపిన్ బలం కూడా రిఫాంపిసిన్ వల్ల తగ్గుతుంది. వారానికి ఒకసారి బీపీ చూపించండి. ఇదే రిఫాంపిసిన్ కుటుంబ నియంత్రణ మాత్రల్ని కూడా పనిచేయకుండా చేస్తుంది, రక్తం పలచబడే వార్ఫరిన్‌ను కూడా. ఇది మీ నాయనకు సంబంధం లేకపోయినా చదివేవాళ్ళలో ఎవరికో ఉపయోగపడుతుందని రాస్తున్నా.

నువ్వు ఫైలు పట్టుకుని తిరుగుతున్నానన్నావే, నా ఉద్యోగంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. పల్లెలో రోగికి ఒకే ఆరోగ్య కేంద్రం, ఒకే ఏఎన్ఎం. టౌనులో షుగర్‌కు ఒక డాక్టరు, బీపీకి ఇంకొకరు, దగ్గుకు సందు చివరి క్లినిక్, మోకాళ్ళకు ఇంకోచోట. ఎవరి చీటీ వాళ్ళది. రోగి ఒక్కడే, అతన్ని పూర్తిగా చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు. మీ నాయన బరువు తగ్గడాన్ని షుగర్ డాక్టరు షుగర్ లెక్కలో వేశాడు, దగ్గును క్లినిక్ వాళ్ళు దగ్గు లెక్కలో వేశారు. రెండూ ఒకే కాగితం మీద ఉంటే ఎవరికైనా టీబీ అనుమానం వచ్చేది. పైగా ఆ లెవోఫ్లాక్సాసిన్. అది టీబీ క్రిమి మీద కూడా పనిచేసే మందు. కొద్ది రోజులు వాడితే టీబీ తగ్గినట్టు కనిపిస్తుంది, చావదు. దానివల్ల తేలడం ఆలస్యమవుతుంది. షుగర్ ఉన్న మనిషికి రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష ముందు, యాంటీబయాటిక్ తర్వాత.

షుగర్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం, షుగర్ లేనివాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు కూడా మన దేశంలోనే. ఈ రెండు జబ్బులూ టౌన్లలో ఒకదానికొకటి ఎదురవుతున్నాయి. అందుకే 2017లో కేంద్రం టీబీ, షుగర్ విభాగాలు కలిసి పనిచేయాలని ఒక విధానం తెచ్చింది. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ షుగర్ చూడాలి, షుగర్ క్లినిక్‌కు వచ్చే ప్రతి ఒక్కరినీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి అడగాలి. మొదటిది చాలావరకు జరుగుతోంది. రెండోది జరిగి ఉంటే మీ నాయనకు సంక్రాంతికే మందు మొదలయ్యేది.

నువ్వు చేయాల్సిందల్లా ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొనడం. మొదటి పేజీలో ఆయన వేసుకునే అన్ని మందులూ, టీబీవి, షుగర్‌వి, బీపీవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రతో సహా. తర్వాత పేజీల్లో తేదీ వేసి షుగర్, బీపీ, బరువు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా చీటీ తీసే ముందు ఆ పుస్తకం బల్ల మీద పెట్టు. మీ తిరుపతిలో రుయా ఆసుపత్రిలో గానీ స్విమ్స్ ఆసుపత్రిలో గానీ మెడిసిన్ ఓపీలో ఒకసారి చూపించు. టీబీ, షుగర్ రెండిటినీ ఒకే డాక్టరు చూసి మందు సరిచేయడం వాళ్ళకు కొత్తేమీ కాదు.

ఇక తిండి. మీ అమ్మను ఏమీ అనొద్దు, ప్రతి ఇంట్లో ఇదే జరుగుతుంది. కానీ 46 కిలోల మనిషికి రెండు పుల్కాలు అంటే అది పస్తే. జార్ఖండ్‌లో రేషన్స్ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2023లో వచ్చింది. మందు మొదలుపెట్టిన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళలో చనిపోయే ముప్పు సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది. రోగి ఇంట్లోవాళ్ళకు కూడా బియ్యం, పప్పు లాంటివి ఇస్తే ఆ ఇంట్లో కొత్తగా టీబీ వచ్చేవాళ్ళు దాదాపు సగానికి తగ్గారు. మీ నాయన లెక్కలో 5 శాతం అంటే రెండు కిలోల పైచిలుకు. నోటుపుస్తకంలో ఆ 48 కిలోల అంకె ముందే రాసి పెట్టుకో.

షుగర్ ఉంది కాబట్టి తగ్గించాల్సింది చక్కెర, బెల్లం, మైదా, పళ్ళరసాలు, చక్కెర కలిపి డబ్బాల్లో అమ్మే బలం పొడులు. మొత్తం తిండిని తగ్గించకూడదు. మన పక్క సంగటి తింటే షుగర్ పెరగదని ఒక నమ్మకం. రాగి కూడా పిండిపదార్థమే, పెద్ద ముద్ద తింటే పెరుగుతుంది. అందుకని సంగటి మానక్కర్లేదు, ముద్ద చిన్నది చేసి దాని పక్కన ఉన్నవి పెంచాలి. టీబీ రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. మీ నాయనకు 55 నుంచి 70 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. రోజుకు రెండు గుడ్లు, మధ్యాహ్నం చిక్కగా ఆకుకూర పప్పు, ఉలవలో అలసందలో ఒక కప్పు ఉడికించి తాలింపు, సాయంత్రం వేయించిన చెనక్కాయలు ఒక గుప్పెడు, రాత్రి పెరుగు, వారంలో రెండుసార్లు కోడి కూరో చేపలో. ఇట్లా చేర్చుకుంటూ పోతే లెక్క కుదురుతుంది. మూడు పూటలు కాకుండా ఐదు సార్లు కొంచెం కొంచెం పెడితే షుగర్ ఒక్కసారిగా ఎగరదు. షుగర్ మందు సరిగ్గా పెడితే ఈ తిండి అరుగుతుంది, ఒంటికి పడుతుంది. షుగర్ అంకె అందంగా కనిపించాలని మనిషిని ఎండబెట్టకూడదు. ఒక్క జాగ్రత్త, మాంసకృత్తులు పెంచే ముందు క్రియాటినిన్ చూపించండి. పదేళ్ళ షుగర్ కదా, కిడ్నీల పరిస్థితి తెలియాలి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్ ఇచ్చే తీరు కూడా మారుతుంది, మెట్‌ఫార్మిన్ సంగతీ ఆలోచించాలి.

పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బులు నెలకు 1000 రూపాయలు, ముందు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి పెంచారు. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్లో పేరు ఎక్కి, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉంటే పడుతుంది. ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో ఇంకో పేరు ఉండి ఆగిపోయిన కేసులు చాలా చూశాను. ముందే సరిచూసుకో.

అరికాళ్ళ మంట రెండిటి వల్లా రావచ్చు. షుగర్ వల్ల నరాలు ముందే దెబ్బతిని ఉంటాయి, దానిమీద ఐసోనియాజిడ్ ఒంట్లోని బీ6 విటమిన్‌ను తగ్గిస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్ళకు, తాగేవాళ్ళకు, గర్భిణులకు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు, బాగా చిక్కినవాళ్ళకు టీబీ మాత్రలతో పాటు పైరిడాక్సిన్ (అదే బీ6) మాత్ర కూడా ఇస్తారు. చిన్న మాత్ర, మామూలుగా రోజుకు 10 నుంచి 25 మిల్లీగ్రాములు. మీకిచ్చిన సంచిలో ఉందో లేదో చూడు. లేకపోతే రేపే పోయి అడుగు. ఇంత మంట ఉందని చెప్తే డోసు వాళ్ళే నిర్ణయిస్తారు.

కళ్ళ విషయం కూడా. ఇథాంబ్యుటాల్ వల్ల అరుదుగా చూపు మసకబారడం, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలియకపోవడం జరుగుతుంది. షుగర్ వల్ల కూడా చూపు తగ్గుతుంది. టైలర్ కాబట్టి మీ నాయనకు ముందే తెలిసిపోతుంది, దారం రంగులు సరిగ్గా పోల్చుకోలేకపోతున్నా, సూదిలో దారం ఎక్కించడం కొత్తగా కష్టమైనా వెంటనే చెప్పమను. అద్దాలు మార్చుకుందాంలే అని ఆగొద్దు.

హెచ్ఐవీ పరీక్ష సంగతి ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్ళెవరైనా మీ అమ్మకు అర్థమయ్యేలా రాస్తే బాగుంటుంది.

కొర్లగుంట అబ్బాయి:

సార్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. సంచి వెతికాను. పైరిడాక్సిన్ స్ట్రిప్పు అడుగున ఉంది, అది బలం మాత్ర అనుకుని నాయన పక్కన పెట్టేశాడు. ఈ రోజు నుంచి వేసుకుంటున్నాడు. నోటుపుస్తకం కూడా కొన్నాను.

ఒక సందేహం. పొద్దున టీబీ మాత్రలు వేసుకున్నాక కడుపులో తిప్పుతోందని ఒక్కోరోజు తొమ్మిది దాకా ఏమీ తినడు. కానీ షుగర్ మాత్ర మాత్రం అలవాటుగా ఏడింటికే వేసేసుకుంటాడు. మొన్న షాపులో చెమటలు పట్టి చేతులు వణికాయంట.

నర్సమ్మ (ఎం.ఆర్.పల్లి, తిరుపతి):

తమ్ముడూ, ఆ చెమటలు, వణుకు షుగర్ పడిపోయినప్పటి లక్షణాలు కావచ్చు. సగటున షుగర్ ఎక్కువున్నా సరే, గ్లిమిపిరైడ్ వేసుకుని తినకపోతే ఒక్కసారిగా పడిపోవచ్చు. టీబీ మాత్రలు పరగడుపున వేసుకుని గంట ఆగి టిఫిను తినాలి. షుగర్ మాత్ర ఆ టిఫిను ప్లేటు ముందుకొచ్చాకే. తినలేని రోజు ఏం చేయాలో డాక్టరును ముందే అడిగి పుస్తకంలో రాసుకో. జేబులో నాలుగు చాక్లెట్లు పెట్టుకోమను. కడుపు మరీ తిప్పుతుంటే కొంచెం తేలికగా తిని మాత్రలు వేసుకోవచ్చా అని అడుగు, చాలామందికి ఒప్పుకుంటారు. అంతేగానీ మూడు మాత్రల్ని పొద్దునొకటి మధ్యాహ్నమొకటి అని విడగొట్టొద్దు.

వాంతులు ఆగకుండా అవుతున్నా, తిండి మీద అసహ్యం పుట్టినా, కళ్ళు పచ్చబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపో. కాలేయం దెబ్బతింటున్న గుర్తులవి. మూత్రం నారింజ రంగు మామూలే అని చెప్తారు కాబట్టి జనం మూత్రాన్నే చూస్తా కూర్చుంటారు. చూడాల్సింది కంటి తెలుపు.

అమ్మగారితో ఇట్లా చెప్పు. టీబీ తేలిన ప్రతి మనిషికీ, పూజారి అయినా, స్కూలు టీచరైనా, హెచ్ఐవీ పరీక్ష చేస్తారు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తగ్గి టీబీ తొందరగా పైకి వస్తుంది, అది తెలియకుండా ఒక్క టీబీకే మందు ఇస్తే మనిషి దక్కకపోవచ్చు. తెలిస్తే రెండిటికీ మందు ఉంది, ఉచితంగా. మీ నాయన నడవడిక మీద అనుమానంతో అడిగిన మాట కాదమ్మా అని చెప్పు. పరీక్షకు ముందు ఒప్పుకోలు తీసుకోవాలని, ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి చట్టమే ఉంది. మా దగ్గర కూర్చోబెట్టి మాట్లాడి, చీటీ మడిచి చేతికిస్తాం.

ఇంకో మాట. మీ నాయన ఎట్లా ఉన్నాడు? ఒంటి సంగతి కాదు నేనడిగేది. నువ్వు రాసినదాంట్లో షుగర్ అంకెలున్నాయి, బరువుంది, ఆయన ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. టీబీ అని తెలిశాక వేరే గ్లాసు, వేరే కంచం పెట్టి మూలన కూర్చోబెట్టిన మగవాళ్ళను వార్డులో చూస్తుంటాను. షాపుకు గిరాకీ రాదేమోనని భయం, ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకోలేని బాధ. దిగులుతో మాత్రలు మానేసేవాళ్ళు కడుపు తిప్పి మానేసేవాళ్ళకంటే తక్కువేం కాదు. గ్లాసు, కంచం వల్ల టీబీ రాదు, దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. కిటికీలు తెరిచి, మొదటి వారాల్లో మాస్కు పెట్టుకుంటే చాలు. మందు బాగా పనిచేస్తుంటే అంటించే గుణం త్వరగా తగ్గిపోతుంది. నిద్ర పట్టడం లేదన్నా, బతకాలని లేదన్నా మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. బీడీ మానడానికి కూడా ఇదే మంచి సమయం, ఊపిరితిత్తి బాగుపడాలంటే తప్పదు. తిట్టి మాన్పించొద్దు.

కొర్లగుంట అబ్బాయి:

అక్కా, మీరడిగాక రాత్రి పక్కన కూర్చుని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పాప తన దగ్గరికి రాబోతే మా అక్క చెయ్యి పట్టి లాగిందని చెప్పాడు. షాపుకు పోయినా పాత కస్టమర్లు కొలతలివ్వకుండా బట్ట పెట్టి పోతున్నారంట. మా అక్కతో మాట్లాడాను.

మెడిసిన్ ఓపీలో చూపించాను. పుస్తకం చూసి డాక్టరమ్మ అన్నీ చదివింది. క్రియాటినిన్ 1.0, పరవాలేదంది. గ్లిమిపిరైడ్ ఆపేసి, మెట్‌ఫార్మిన్ ఉంచి, రాత్రికి ఇన్సులిన్ పెట్టింది. హెచ్ఐవీ లేదని వచ్చింది. మిట్టూరు అక్క సంగతి చెప్తే నాయన సూదికి ఒప్పుకున్నాడు. హిమోగ్లోబిన్ తక్కువుంది కాబట్టి మూడు నెలల షుగర్ పరీక్ష ఒక్కటే నమ్ముకోకుండా ఇంట్లో గ్లూకోమీటరుతో చూసి రాయమంది. సంగటి ముద్ద చిన్నదైంది, గుడ్లు మొదలయ్యాయి. అమ్మ ఇప్పుడు ఉలవలు రోజూ నానబెడుతోంది.

పాప గురించి, కోర్సు అయిపోయాక ఏం చూసుకోవాలో కూడా చెప్పండి సార్.

రిటైర్డ్ సూపర్‌వైజర్ (చిత్తూరు):

చాలా సంతోషం అబ్బాయ్. ఆ డాక్టరమ్మ దగ్గరే కొనసాగండి, మార్చొద్దు.

పాపను ఈ వారంలోనే తీసుకుపో. ఐదేళ్ళలోపు పిల్లలకు టీబీ వస్తే త్వరగా ముదురుతుంది, మెదడుకు పాకే ప్రమాదం కూడా ఉంది. ముందు జ్వరం, దగ్గు, బరువు చూసి, అవసరమైతే ఎక్స్‌రే తీసి జబ్బు లేదని నిర్ధారించుకుంటారు. లేకపోతే రాకుండా మందు ఇస్తారు, బరువును బట్టి. పాప బాగానే ఉంది కదా, ఎందుకు మందు అని మీ అక్క అంటుంది. బాగున్నప్పుడే వేయాల్సిన మందు అది. మీ అమ్మకు, అక్కకు, నీకూ పరీక్ష చేసి, జబ్బు లేదని తేలితే రాకుండా ఆపే మందు ఇస్తారు. మీ అమ్మకు ఆ పూటే షుగర్ కూడా చూపించు. ఒకే వంట తింటున్న ఇల్లు, నలభై దాటిన మనిషి, అడగకుండా ఆమె చూపించుకోదు.

రెండు నెలలయ్యాక మళ్ళీ గళ్ళ పరీక్ష ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళలో క్రిములు పోవడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అప్పటికీ పాజిటివ్ వస్తే భయపడొద్దు, మందు పనిచేస్తోందో లేదో ఇంకో పరీక్ష చేసి చూస్తారు. బరువు పెరిగితే మాత్రల సంఖ్య కూడా మారవచ్చు, అందుకే నెలనెలా తూకం అడిగి వేయించుకోండి.

కోర్సు ఆఖరు గురించి అడిగావు, మంచి పని చేశావు, అప్పుడు అందరూ గుడికి పోయి మొక్కు తీర్చుకుని ఫైలు అటక మీద పెట్టేస్తారు. జబ్బు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన ఇన్సులిన్ తగ్గుతుంది, కాబట్టి మధ్యలోనే షుగర్ పడిపోతుందేమో చూసుకుంటూ ఉండాలి. రిఫాంపిసిన్ ఆగిన తర్వాత రెండు వారాల్లో కాలేయం మళ్ళీ పాత తీరుకు వస్తుంది. ఆలోపు మీ నాయన మళ్ళీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల మీద ఉంటే, అంతవరకు కొంతే పనిచేసిన డోసు పూర్తిగా పనిచేయడం మొదలుపెట్టి షుగర్ పడిపోతుంది. బీపీ మాత్ర కూడా అంతే. ఆఖరి టీబీ మాత్ర వేసుకునే తేదీ పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసి, దానికి వారం ముందే డాక్టరమ్మకు చూపించి షుగర్, బీపీ డోసులు ఏం చేయాలో అడుగు. ఆ తర్వాత నెల రోజులు గ్లూకోమీటరు రోజూ వాడండి. కోర్సు అయ్యాక కూడా రెండేళ్ళ దాకా ఆరు నెలలకొకసారి గళ్ళ పరీక్షకు పిలుస్తారు, పొమ్మను. ఎప్పుడు ఏం అనుమానం వచ్చినా టీబీ వాళ్ళ ఉచిత నంబరు 1800 11 6666.